కణం వాకిట ముగ్గు

ఆంబూరులో చర్మం ఒక సరుకు. మేకతోలు, గొర్రెతోలు, ఎద్దుతోలు, బర్రెతోలు లారీల మీద వచ్చి దిగుతాయి. సున్నపునీళ్ళలో నానతాయి. వెంట్రుకలు వదులుతాయి, అంటుకున్న మాంసమూ కొవ్వూ గీకించుకుంటాయి, ఆపైన పెద్ద పెద్ద చెక్క పీపాల్లో దొర్లి దొర్లి, క్రోమియం ఉప్పు పట్టి, లేతనీలం రంగు తిరిగి బయటపడతాయి. పూర్వం ఇదే పని మన తంగేడు చెక్క కషాయం చేసేది. పాలారు ఒడ్డున ఈ ఊరు తరతరాలుగా చేస్తున్న పనంతా ఒక్కటే. చర్మంలోంచి దాని సొంతదారు ఆనవాళ్ళు తుడిచేసి, ఎవరి కాలికైనా పనికొచ్చే వస్తువుగా మార్చడం. ఆంబూరు బూటు తొడుక్కున్న పాదం ఆ తోలు ఏ మేకదని అడగదు.

ప్రాణమున్న చర్మం అడుగుతుంది. అడగడమే కాదు, జవాబు రాబట్టేదాకా ఊరుకోదు. ఒక మనిషి చర్మం కాస్త తీసి మరో మనిషి పుండు మీద అతికిస్తే నాలుగైదు రోజులు అంతా సవ్యంగానే ఉంటుంది. అడుగునుంచి నెత్తురు నాళాలు దాంట్లోకి పాకుతాయి, అతుకు గులాబిరంగు తేలుతుంది, చూసినవాళ్ళకు ఆశ పుడుతుంది. రెండో వారం తిరిగేసరికి అంచులు నల్లబడతాయి, అతుకు ఎండి రాలిపోతుంది. క్రిములేవీ చేరలేదు, కుట్టినవాళ్ళ చేతిలో లోపమేమీ లేదు. ఒళ్ళు దాన్ని చూసింది, తనది కాదని తేల్చుకుంది, వద్దంది.

ఈ వద్దనడంలో ఎంత నేర్పు ఉందో స్పష్టంగా పట్టుకున్నది రెండో ప్రపంచయుద్ధ కాలంలో. గ్లాస్గో ఆస్పత్రిలో ఒళ్ళు కాలిన ఒక స్త్రీకి ఆమె సోదరుడి చర్మాన్ని చిన్నచిన్న ముక్కలుగా అతికించారు. సర్జన్ టామస్ గిబ్సన్, ఆయనకు తోడుగా జంతుశాస్త్రవేత్త పీటర్ మెడవార్. మొదట పెట్టిన ముక్కలు కొన్నాళ్ళు నిలిచి రాలాయి. అదే సోదరుడి చర్మం రెండోసారి పెడితే ఇంకా త్వరగా రాలిపోయింది. 1943లో అచ్చయిన ఆ పరిశీలనను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఒక్కసారి ఎదురుపడిన చర్మాన్ని ఆమె ఒళ్ళు జ్ఞాపకం ఉంచుకుంది! ఆమె మనసుకు అతడు తోబుట్టువు. నెత్తురు మాత్రం తన లెక్క తాను విడిగా రాసుకుంది.

సొంత కండ అయితే ఈ పేచీ లేదు. సుశ్రుతుడి కాలంనుంచీ మన వైద్యులు తెగిన ముక్కును అదే మనిషి ముఖం మీది చర్మంతో కట్టగలిగారు. వేలూరులో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్ఠుతో వంకర తిరిగిన చేతుల్లో, అదే రోగి స్నాయువులను ఒకచోటినుంచి తీసి మరోచోట కలిపి, వేళ్ళు మళ్ళీ కదిలేలా చేశాడు. ఎవరి కండ వాళ్ళ ఒంట్లో ఎక్కడికి మారినా బతుకుతుంది. చిక్కంతా మనిషి మారినప్పుడే.

ఇంతకీ ఒళ్ళు ఎలా పోల్చుకుంటుంది? దానికి కళ్ళు లేవు. రక్తంలో తిరిగే తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణానికి తెలిసిందల్లా తాకడమే. అయినా అది ఇంటింటికీ తిరుగుతూ వాకిట్లో ముగ్గు చూసుకుంటూ పోతుంది. ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ లోపల తాను వండుకుంటున్న ప్రోటీన్లను కొంచెం కొంచెంగా తుంచి, ఎనిమిది తొమ్మిది అమైనో ఆమ్లాల పొడవున్న ఆ తునకలను హెచ్‌ఎల్‌ఏ అనే అణువు గాడిలో పొదిగి గడప బయట పెడుతుంది. మన పల్లెల్లో ముగ్గును చూసే ఆ ఇంట్లో పండగో, పెళ్ళో, మామూలు రోజో చెప్పేస్తారు. టీ కణమూ అంతే. గీతలు ఎప్పటివే అయితే ముందుకు సాగిపోతుంది. లోపల వైరస్ చేరి తన ప్రోటీన్లు వండుకుంటుంటే ముగ్గులో కొత్త చుక్క పడుతుంది, ఆ చుక్క దగ్గర టీ కణం ఆగిపోతుంది. ఇక మన ఊళ్ళలో అసలు ముగ్గే పడని వాకిలిని చూస్తే దారిన పోయేవాళ్ళ గుండె గుభేలుమంటుంది కదా, ఇంట్లో ఎవరో పోయారని. ఒంట్లో ఆ కీడును పసిగట్టేవి ఎన్‌కే కణాలు. కొన్ని వైరస్‌లూ కొన్ని క్యాన్సర్ కణాలూ పట్టుబడకుండా ఉండాలని ముగ్గును చెరిపేస్తాయి. చెరిపిన వాకిలి ముందే ఎన్‌కే కణాలు నిలబడతాయి. ఉండాల్సింది లేకపోవడాన్ని కూడా గమనించే చూపు అది. స్వీడన్‌లో క్లాస్ కార్రె బృందం 1986లో దీన్ని రుజువు చేసింది.

ఆ గాడిని మనిషి మొదటిసారి కళ్ళారా చూసింది 1987లో. హార్వర్డ్‌లో పమేలా బ్యోర్క్‌మన్, డాన్ వైలీ, వారి సహచరులు హెచ్‌ఎల్‌ఏ అణువును స్ఫటికంగా చేసి, ఎక్స్‌కిరణాలతో దాని రూపం గీశారు. రెండు గట్ల మధ్య గాడి కనిపించింది. అది ఖాళీగా లేదు! వాళ్ళెవరూ పెట్టని పదార్థమేదో అందులో ఒదిగి కూర్చుని ఉంది. కణం తన వాకిట్లో పెట్టుకున్న తునకలు, అన్ని శుద్ధి పనులనూ తట్టుకుని, స్ఫటికం దాకా వెంట వచ్చాయి. విజ్ఞానశాస్త్రంలో నాకు ఇంతకన్న అందమైన చిత్రం తెలియదు.

టీ కణానికి ఈ చదువు ఎక్కడ అబ్బింది? రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన, థైమస్ అనే గ్రంథి ఉంటుంది. పసితనంలో పెద్దదిగా ఉండి, వయసు పెరిగేకొద్దీ కొవ్వుగా మారి కుంచించుకుపోతుంది. దానికి పనేమీ లేదని చాలాకాలం అనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దాన్ని తీసేసి చూశాడు. ఆ ఎలుకలు పరాయి ఎలుకల చర్మాన్ని సైతం కాదనలేకపోయాయి. మూలుగలో పుట్టిన లేత కణాలు థైమస్‌కు చేరి అక్కడ రెండు పరీక్షలకు నిలుస్తాయి. సొంత హెచ్‌ఎల్‌ఏను అసలు చదవలేని కణం బతకదు. సొంత ముగ్గును చూసి మరీ ఉద్రేకపడే కణమూ బతకదు. నూటికి తొంభై అయిదుకు పైగా అక్కడే రాలిపోతాయి. మిగిలిన కొద్దివే రక్తంలోకి అడుగుపెడతాయి.

ఇంకో వింత ఉంది. క్లోమంలో మాత్రమే తయారయ్యే ఇన్సులిన్‌ను టీ కణం తర్వాతెప్పుడో చూసి పరాయిదనుకుంటే ముప్పు. అందుకని థైమస్‌లోని కొన్ని కణాలు తమకు ఏ అవసరమూ లేని ఇన్సులిన్‌నూ, థైరాయిడ్ ప్రోటీన్లనూ, ఒంట్లో వేరే మూలల్లో మాత్రమే ఉండే వందలాది పదార్థాలనూ పిసరంత పిసరంత తయారుచేసి తమ వాకిట్లో పెడతాయి. ఆ పని చేయించే జన్యువు పేరు ఎయిర్. అరచేతిలో ఇమిడే గ్రంథిలో ఒళ్ళంతటి ముగ్గులూ పరిచి ఉంటాయి. ఇదంతా నా ఒంట్లోనూ మీ ఒంట్లోనూ పసితనంలోనే, మనకు ఊహ తెలియక ముందే జరిగిపోయింది. దండం పెట్టాలనిపించే పని ఏదైనా ఉందంటే, నా మటుకు నాకు ఇదే.

ఇప్పుడు పరాయి కిడ్నీ వచ్చి చేరిందనుకోండి. దాని ప్రతి కణం ముందూ మరో మనిషి హెచ్‌ఎల్‌ఏ. తెలిసినట్టే ఉంటుంది, గీతలు మాత్రం తేడా. ఒక మామూలు క్రిమిని పోల్చుకునే టీ కణాలు లక్షలో ఏ ఒకటో రెండో ఉంటాయి. పరాయి హెచ్‌ఎల్‌ఏను చూసి లేచి నిలబడేవి నూటికి ఒకటి మొదలు పది దాకా ఉంటాయి! మనిషి పుట్టినప్పటినుంచీ ఏ ఒంట్లోకీ ఎవరి కిడ్నీ దానంతట అది నడిచి రాలేదు. అలాంటి అతిథి కోసం ఎవరూ కాచుకుని కూర్చోలేదు. సొంత ముగ్గులో అపశ్రుతిని పట్టడానికి ఇన్ని యుగాలుగా పదునెక్కిన చూపే, సొంతదానికి దగ్గరగా ఉండీ సొంతం కాని దాని మీద ఇంత తీక్షణంగా పడుతుంది.

మరి అందరి ముగ్గూ ఒకటే అయి ఉంటే ఏం పోయేది? వైద్యులకు సుఖంగానే ఉండేది. మనుషులే మిగిలేవాళ్ళు కాదేమో. ఒక మహమ్మారి ఒక్క హెచ్‌ఎల్‌ఏ గాడిలో పట్టని ప్రోటీన్లతో వస్తే, అందరిదీ అదే గాడి అయితే, ఊరికి ఊరే తుడిచిపెట్టుకుపోతుంది. పక్కింటివాడి గాడి వేరుగా ఉండబట్టే ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు బతికారు. ఫ్రాన్సులో జాన్ డొస్సే 1958లో తొలి రకాన్ని వర్ణించాడు. ఇవాళ పేరు పెట్టిన హెచ్‌ఎల్‌ఏ జన్యురూపాలు నలభై వేలు దాటాయి. మన పూర్వీకులు దాటి వచ్చిన రోగాల గుర్తులు వాటిలో ఉన్నాయి. కిడ్నీ వార్డులో ఇంటి పెద్దకు ‘మ్యాచ్ కాలేదు’ అన్న మాట విన్న కుటుంబం దుఃఖం నాకు తెలియనిది కాదు. ఆ మాట వెనక, మనందరం ఇన్నాళ్ళూ బతికి ఉండటానికి కారణమైన వైవిధ్యమే ఉంది.

ఆంబూరులో రైలెక్కితే పచ్చకుప్పం, మేల్‌పట్టి, గుడియాత్తం, లత్తేరి దాటి కాట్పాడి వస్తుంది. అక్కడినుంచి వేలూరు. చిత్తూరు, కడప, అనంతపురం వైపు ఊళ్ళలో జబ్బు ముదిరితే పెద్దవాళ్ళు అనే మాట ఒకటే, ‘రాయవేలూరు తీసుకుపోండి’. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన చికిత్సాలయం క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా పెరిగింది. 1971లో దేశంలోనే తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి అక్కడ జరిగింది. పదిహేడేళ్ళ ముందు, 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ మరే చేసిన మార్పిడి నిలిచిందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే అండంలోంచి పుట్టిన కవలలు కాబట్టే. వాళ్ళ ఒళ్ళకు పోల్చుకోవడానికి తేడాయే లేదు. కవలలు కానివాళ్ళ మధ్య మార్పిడి చేయాలంటే ఆ తీక్షణమైన చూపును కాస్త మందగించమని వేడుకోవాలి. అప్పటికి వైద్యుల చేతుల్లో ఉన్నవల్లా అజాథయోప్రిన్, స్టెరాయిడ్లు. తక్కువైతే కిడ్నీ పోతుంది, ఎక్కువైతే మామూలు చీము కూడా మనిషిని తీసుకుపోతుంది. ఆ సన్నటి గట్టు మీద పగలూ రాత్రీ నడిచిన డాక్టర్లనూ నర్సులనూ ల్యాబులో సూదిమందు సీసాల మధ్య నిలబడినవాళ్ళనూ తలుచుకోకుండా ఈ కథ చెప్పకూడదు.

తర్వాత వచ్చిన మందులు మట్టిలోంచి వచ్చాయి. సైక్లోస్పోరిన్ నార్వే పీఠభూమి మట్టిలో పెరిగిన ఒక శిలీంధ్రానిది. టాక్రోలిమస్ జపాన్‌లో సుకుబా కొండ దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవిది. రాపమైసిన్ ఈస్టర్ దీవి మట్టిది, దాన్ని మందుగా నిలబెట్టడానికి జీవితమంతా పాటుపడినవాడు అవిభక్త భారతదేశంలో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్. మట్టిలో తమలో తాము బతుకు పోరు సాగించుకునే సూక్ష్మజీవుల సరంజామా, మనిషి రక్తంలో టీ కణాన్ని లేవకుండా ఆపగలగడం ఎక్కడి బంధుత్వమో.

ఎముక మూలుగ మార్పిడిలో కథ తిరగబడుతుంది. రాయవేలూరులో అది 1986లో మొదలైంది, థలసీమియాతో రక్తం పట్టని పిల్లల కోసం. కిడ్నీ మార్చినప్పుడు ఒళ్ళు అతిథిని కాదంటుంది. మూలుగ మార్చినప్పుడు వచ్చిన అతిథే చూడగల చూపుతో వస్తాడు. దాత మూలుగలోని టీ కణాలు కొత్త ఒంట్లో తిరిగి, చర్మం మీదా పేగుల్లోనూ కాలేయంలోనూ ముగ్గులన్నీ పరాయివేనని చూసి ఇంటినే కాదంటాయి. అందుకే ఇక్కడ పోలిక మరింత దగ్గరగా కుదరాలి. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఒకే గుత్తిగా ఉంటాయి, ఒక గుత్తి తల్లినుంచి, ఒకటి తండ్రినుంచి. తోబుట్టువుల్లో నలుగురికి ఒకరు చొప్పున పూర్తిగా కలిసే వీలుంది. మన దక్షిణాదిలో మేనరికాల ఇళ్ళలో ఒకే గుత్తి రెండు దారుల్లో తిరిగి వచ్చి కలుస్తుంది. మేనత్త కొడుకుతోనో చిన్నాన్న కూతురితోనో సరిపోయే అవకాశం పెరుగుతుంది. థలసీమియాను ఇంట్లోకి తెచ్చిన ఆ మేనరికమే, ఒక్కోసారి దానికి మందును కూడా చుట్టరికంలోనే దాచి ఉంచుతుంది.

ఆ అతిథి చూపును మొదటి రోజుల్లో అణచడానికి ప్రపంచమంతా వాడిన మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. మార్పిడి జరిగాక కొద్ది రోజుల ఎడంలో నాలుగైదు చిన్న మోతాదులు, సైక్లోస్పోరిన్‌కు తోడుగా. ఈ మందుకు మూలపురుషుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు, దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లూ అక్కడే పుట్టాయి. వేగంగా విభజన చెందే కణాలకు ఫోలిక్ ఆమ్లం కావాలి. పరాయిదాన్ని చూసి లేచిన టీ కణం చేసే మొదటి పని విభజన. అక్కడే మందు చెయ్యి పడుతుంది. సుబ్బారావు 1948లో పోయారు, అప్పటికి మనుషుల్లో మూలుగ మార్పిడి ఒక కల. తన మందు ఒకనాడు ఒకరి నెత్తురును మరొకరి ఒంట్లో కాపురం పెట్టిస్తుందని ఆయనకు తెలిసే వీలు లేదు. ఆ కాపురం నిలిచాక బిడ్డ రక్తం గ్రూపు మారి దాత గ్రూపు అవుతుంది!

మళ్ళీ తోళ్ళ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆంబూరు టానరీ చేసే పనీ గుండె సర్జన్ల పనీ ఒకచోట కలిశాయి. గ్లూటరాల్డిహైడ్ తోలును పదును చేసే పదార్థాల్లో ఒకటి. 1960ల చివర్లో పారిస్‌లో అలాన్ కార్పెంటియే పంది గుండె కవాటాలను దాంట్లో నానబెట్టి మనుషుల గుండెల్లో కుట్టాడు. కొల్లాజెన్ పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడ్డాయి, గుర్తింపు మోసే కణాలు చచ్చాయి. పరాయి జంతువు కవాటం మనిషి గుండెలో ఏళ్ళ తరబడి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండిపోయింది. మేకలోనూ పందిలోనూ మనిషిలోనూ కొల్లాజెన్ దాదాపు ఒకటే. దాని ముప్పేట అల్లికను 1954లో మద్రాసులో కూర్చుని విప్పినవాళ్ళు జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. ఆ నగరంలోనే కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నది గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. తోలు పనివాడి చేతికి శాస్త్రం అందించాలని బతికిన మనిషి. మనం ఒకరికొకరం పరాయి కావడం ఎముకలోనూ పోగులోనూ లేదనీ, కణం గడప మీద మాత్రమే ఉందనీ తోలు పదును చేసేవాడి చెయ్యి తనకు తెలియకుండానే చూపిస్తూ వచ్చింది.

చంపకుండా, మందు పెట్టకుండా ఒంటిని ఒప్పించే దారి ఉందా? ఉందని ఆవుదూడలు చెప్పాయి. 1945లో అమెరికాలో రే ఓవెన్, గర్భంలో కలిసిపోయిన మాయల ద్వారా రక్తం పంచుకున్న జంట దూడలు జీవితాంతం ఒకదాని రక్తకణాలను ఒకటి మోస్తున్నాయని కనిపెట్టాడు. మెడవార్ బృందం ఆ జంటల మధ్య చర్మం మార్చి చూస్తే అతుకు నిలిచింది. 1953లో బిల్లింగ్‌హామ్, బ్రెంట్, మెడవార్ ఎలుకపిల్లలకు పుట్టకముందే పరాయి ఎలుక కణాలిచ్చారు, అవి పెద్దవై ఆ ఎలుక చర్మాన్ని తమదిగా ఉంచుకున్నాయి. తనదేదో కాదేదో ఒళ్ళు నేర్చుకుంటుంది. నేర్చుకునే వయసులో ఎదురైన పరాయి, ఆ ఒంటికి పరాయి కాదు.

ఆ పాఠానికి మూలం గర్భసంచే. బిడ్డ హెచ్‌ఎల్‌ఏలో సగం తండ్రిది, అంటే తల్లికి పరాయిది. అయినా తొమ్మిది నెలలు ఆమె నెత్తురు ఆ పరాయి సగాన్ని ఆనుకుని పారుతుంది. మాయ పైపొర కణాలు మామూలు హెచ్‌ఎల్‌ఏల్లో చాలావాటిని దాచుకుంటాయి, హెచ్‌ఎల్‌ఏ జి అనే ప్రత్యేకమైనదాన్ని బయట పెడతాయి. తల్లి ఎన్‌కే కణాలు దాన్ని తాకి శాంతిస్తాయి, పైగా బిడ్డకు నెత్తురు దండిగా అందేలా నాళాలను వెడల్పు చేయడంలో సాయం పడతాయి. కాన్పుతో ఈ బంధం తెగిపోదు. బిడ్డ కణాలు కొన్ని తల్లి నెత్తురులోకి దాటుకుని అక్కడే ఉండిపోతాయి. కొడుకును కన్న ఇరవై ఏడేళ్ళ తర్వాత కూడా ఒక తల్లి రక్తంలో మగ కణాలు దొరికాయని డయానా బియాంకీ బృందం 1996లో ప్రకటించింది. కొడుకులను కన్న తల్లుల అవయవాల్లోనూ అలాంటి కణాలు కనిపించాయి, కిడ్నీలతో సహా.

మన దేశంలో కిడ్నీ ఇచ్చేవాళ్ళలో తల్లులు ఎందరో. ఏ గుడియాత్తంనుంచో, చిత్తూరునుంచో వచ్చిన ఒక అమ్మ క్రాస్‌మ్యాచ్ కాగితం మీద వేలిముద్ర వేసి, ‘నాది తీసి వాడికి పెట్టండయ్యా’ అన్నప్పుడు, సర్జన్ తీసి పెట్టే ఆ కిడ్నీలో ఆ కొడుకు కణాలే, పుట్టకముందు వాడు అమ్మ దగ్గర వదిలివచ్చినవి, కొన్ని ఉండి ఉండవచ్చు. వాడి టీ కణాలు ఆ అవయవంలో గడప గడపా తిరిగి చూస్తాయి. చాలా వాకిళ్ళలో ముగ్గు సగం తెలిసింది, సగం తెలియనిది. ఎక్కడో ఒక వాకిట్లో మాత్రం అచ్చంగా వాడిదే.